సున్నం వేసేలోపు సోలాపూర్

గురువారం పగలు పదకొండున్నరకు తపాలా జవాను కార్డు ఇచ్చి వెళ్ళాడు. సోలాపూర్ నుంచి మా వియ్యపురాలు ఎవరిచేతనో రాయించింది: "దీపావళికి ఈసారి మగ్గం కాడి గోడకు గూడ చునా వేస్తున్నం, శుక్రవారం. సుగుణ చెయ్యి చూసుకునేదుంటే రండి."

సుగుణ నా కూతురు. రెండేళ్ళ కింద కాన్పులో పోయింది. ఫోటో ఎప్పుడూ తీయించలేదు. ఆ ఇంట్లో కొత్త కోడలు మొదటిసారి మగ్గం మీద కూర్చునే రోజు అరచేతికి ఎర్రరంగు పూసి గోడకు అద్దిస్తారు. ఆమెదంటూ మిగిలింది అదొక్కటే.

రాత్రి తొమ్మిదికి నాంపల్లిలో మూడో తరగతి ఎక్కాను. తెల్లవారి ఐదింటికి వాడీ. అక్కడ నిజాం సర్కారు సుంకం వాళ్ళు మూటలు విప్పిస్తారు. కొత్త బట్టలుంటే పైన పెట్టుకోవడం మేలు. నిజాం హాలీ రూపాయలు ఇచ్చి ఇంగ్లీషు రూపాయలు తీసుకోవలసిందీ అక్కడే. సోలాపూర్ బండి గంటన్నర ఆలస్యం. సున్నం ఏ గోడ నుంచి మొదలుపెడతారోనని ఆలోచిస్తూ కూర్చున్నాను.

బండెక్కాక మనసు నిలవక సంచిలోని పత్రిక తీశాను. ఐరోపాలో మంచుకాలపు మనుషుల మీద వ్యాసం. జింకలను వేటాడి, ఎముక సూదులతో తోళ్ళు కుట్టుకుని బతికినవాళ్ళు. అచ్చంగా మనలాంటి మనుషులేనట. ఫ్రాన్సు గుహల గోడల మీద వాళ్ళ చేతుల గుర్తులున్నాయి. కొన్నిటికి వేళ్ళు సగమే ఉన్నాయి. ఎన్ని వేల ఏళ్ళవో పండితులకే తేలలేదు.

ఎదుటి బల్ల మీది ముసలి నేతగాడు బొమ్మ చూసి, "ఏంది సారూ, మంత్రాల బుక్కా?" అన్నాడు. చెప్పాను.

"గన్నేండ్లు ఎట్ల నిలిచినయి?"

"అదే ఎవరికీ తెలియదు."

"తెల్వకేముంది? దీపావళికి చునా వేసే ఆడోళ్ళు ఆ గుహలల్ల లేకుండె."

పెట్టెలో అందరూ నవ్వారు. నావల్ల కాలేదు.

పదీ ఇరవైకి సోలాపూర్. కొంతం చౌక్ దగ్గర నూలు బండ్లు అడ్డుపడితే టాంగా దిగి దాజీ పేట్ దాకా నడిచాను. ఇంటి ముందుగోడ సగం తెల్లగా, తడిగా ఉంది.

లోపల మగ్గం గోడ ఇంకా అట్లాగే ఉంది. మూడు ఎర్ర చేతులు. నా ఎత్తున ఉన్నదాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

"అది పెద్దకోడలిది, అన్నా," అంది వియ్యపురాలు మెల్లగా. "మన సుగుణది కింద. గుంటల నిలవడే అద్దింది. పైకి రావే అంటే అందరి ముందట సిగ్గువడ్డది."

మగ్గం గుంటలోకి దిగి చూశాను. నేలకు జానెడు పైన ఉంది. చిటికెనవేలు సరిగా పడలేదు. వెంట తెచ్చిన పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో అంచు గీశాను. కాగితం కొసలు ఆమె పట్టుకుంది.

"వచ్చే నెల నీ అల్లునికి మళ్ళ లగ్గం. కొత్త పిల్ల దీన్ని చూసుకుంట ఎట్ల నేస్తది? ఏమనుకోకు."

"వేయించు, చెల్లె," అన్నాను.

అల్లుడు సున్నం బకెట్‌తో బయటే నిలబడ్డాడు. నేను పిలిచేదాకా లోపలికి రాలేదు.

సాయంత్రం నాలుగింటి బండిలో తిరిగి వస్తూ ఆ వ్యాసం మళ్ళీ చదివాను. గుహల్లోని చేతులు ఎవరివో, వాళ్ళు ఎవరికి ఏమయ్యేవాళ్ళో చెప్పేవాళ్ళు లేరు. నాకు చెప్పడానికి ఒక మనిషి ఉంది. గుల్బర్గా దాకా అది చాలనిపించింది, ఆ తర్వాత చాలలేదు.

అన్నట్టే మరుసటి నెల కొత్త కోడలు వచ్చింది, నేస్తోంది. ఆ ఇంట్లో ఇప్పుడు గోడకు చెయ్యి అద్దించడం లేదు.