అవిసె నూనె సీసాతో వచ్చిన మా బావమరిది

గౌరవనీయులైన మిత్రులందరికీ నమస్కారములు. తేదీని, ఊరిని ఉద్దేశపూర్వకంగానే రాయడం లేదు. మా బావమరిది మర్యాదను కాపాడవలసిన బాధ్యత నాపై ఉన్నది.

నా భార్యకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయినది, ఇప్పుడు రేడియేషన్ నడుస్తున్నది. మా వైపు దానిని కరెంటు పెట్టడం అంటారు. చర్మం కమిలి, ఆమె బాగా విసిగిపోయి ఉన్నది. జన్మలో వేరుశనగ తప్ప మరొకటి పండించని ఆమె తమ్ముడు ఈ ఉదయం అవిసె నూనె సీసాతో విచ్చేసి, ఫోనులో వచ్చిన వైద్యశాస్త్రమును మాకు బోధించినాడు.

"అక్కా, దీంట్లో మంచి కొవ్వు ఉండాది. పొద్దున్నే రెండు చెంచాలు తాగితే చాలు. ఇంక కరెంటు ఎందుకు?"

"అట్లయితే రేపు నేను ఆస్పత్రికి రాను," అని ఆమె నాతో అన్నది.

వెంటనే ఆస్పత్రిలో కరెంటు పెట్టే డాక్టరమ్మకు ఫోను చేసి, అందరికీ వినపడేటట్లు పెట్టినాను. అటువంటి కొవ్వులు చికిత్సకు తోడ్పడతాయేమో ఇంకా పరిశోధిస్తున్నారనీ, తోడ్పడినా చికిత్సకు బదులు కాజాలవనీ, కరెంటు మానరాదనీ ఆమె చెప్పినది.

నా భార్య తమ్ముని వైపు తిరిగినది.

"ఏమప్పా, వాన పడకుండా ఉత్త ఎరువు చల్లి శెనక్కాయ పండిచ్చినావా నువ్వు ఎప్పుడన్నా?"

"లేదక్కా. కానీ ఫోన్లో అట్లే ఉండాది."

రేపు ఇద్దరమూ ఆస్పత్రికి వెళుతున్నాము. మీ ఇంటి నిపుణులు ఏ సీసా తెచ్చినారో తెలియజేయగలరు. ఈ లేఖను దయచేసి ఎవరైనా మా బావమరిదికి బిగ్గరగా చదివి వినిపించండి. అతడు చదవకుండానే పదిమందికి పంపే అలవాటు గలవాడు.