రాతిపొడి పైపులు

కర్నూలు బయట ఒక పైపుల ఫ్యాక్టరీలో నేను మిషను ఆపరేటరుగా చేసేవాణ్ణి. ప్లాస్టిక్ పొడిని తొట్టిలో పోస్తే, కాగుతున్న ఇనుప గొట్టం లోపల మరమేకులాంటి పెద్ద కడ్డీ తిరుగుతూ దాన్ని కరిగించి ముందుకు తోసేది. చివర అచ్చులోంచి మెత్తటి పైపు బయటికొచ్చి, నీళ్ల తొట్టిలో చల్లారి గట్టిపడేది. మురుకుల గొట్టంలో పిండి ఒత్తినట్టే ఉంటుందని మా అక్కకు చెబితే చాలాసేపు నవ్వింది.

ఆ పొడిలో కొంచెం రాతిపొడి కలపడం మామూలే. బేతంచెర్ల వైపు నుంచి లారీల్లో వచ్చేది. ఒక ఏడాది ప్లాస్టిక్ రేటు పెరిగింది. రాతిపొడి బస్తాలు ఎక్కువ విప్పడం మొదలైంది. చూడ్డానికి పైపులో తేడా ఏమీ తెలియదు. సుత్తితో కొడితే మాత్రం మంచి పైపు సొట్టపోతుంది, ఇది పెంకులాగా పగిలిపోయేది. ఓనరుకు చెప్పాను.

"సార్, పొడి శానా ఎక్కువైతాండాది. ఇది మట్టిలో నిలబడదు."

"ఏమప్పా, రైతు అంగడికొచ్చి మొదట అడిగేది రేటే గదా? నువ్వు మిషను చూసుకో."

ఆ ఎండాకాలమే కోసిగి దగ్గర మా అక్కవాళ్లకు బోరు పడింది. బోరు ఒక మూల, ఉల్లిగడ్డ వేసే చేను ఇంకో మూల. ఒకరోజు అక్క సంతోషంగా ఫోన్ చేసింది.

"రేయ్, మీ ఫ్యాక్టరీ పైపులే తెచ్చినాం. మీ బావ వేరేవి చూస్తాంటే నేనే వద్దంటి. మా తమ్ముడు చేసినవి ఉండంగ ఇంగోటి ఎందుకంటి."

"అవి వద్దక్కా, వెనక్కిచ్చేయండి."

"యాడికిచ్చేది? కాలవ తవ్వి పూడ్చేసిరి గదా."

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సరిగ్గా గడ్డ ఊరే సమయానికి పైపులు పగలడం మొదలైంది. మోటారు వేయగానే దారిలోనే నేలలోంచి నీళ్లు ఉబికేవి. బావ తవ్వి, సైకిల్ ట్యూబు చుట్టి కట్టేవాడు. మర్నాడు ఇంకోచోట. నేను సెలవు పెట్టి వెళ్లి ఆయనతో పాటు తవ్వాను. పైకి తీసిన ముక్క నా చేతిలోనే విరిగింది. బావ దాన్ని చూసి, మళ్లీ పార అందుకున్నాడు. గడ్డలు గోలీలంత సైజులోనే ఆగిపోయాయి.

ఆ ముక్క తీసుకుపోయి ఓనరు బల్ల మీద పెట్టాను. ఆయన తిప్పి చూశాడు.

"మిషను మీద ఉన్నింది నువ్వే గదప్పా? హీటు సరిగా పెట్టింటే ఇట్లెందుకైతాది?" అన్నాడు. తర్వాత, దయ తలిచినట్టు, "పోనీలే, మీ అక్కోళ్లకు కొత్తవి ఇప్పిస్తా, తీసకపో" అన్నాడు.

ఆ కొత్తవీ అదే పొడితో చేసినవే. నేను తీసుకోలేదు, పని మానేశాను. నా స్థానంలో వేరే మనిషి వచ్చాడనీ, మిషను ఒక్క పూట కూడా ఆగలేదనీ తర్వాత తెలిసింది.

ఆ చలికాలం అక్కా బావా ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. తిరిగొచ్చాక చూడ్డానికి వెళ్లాను. అక్క అరచేతులు ఇంకా మండుతున్నాయంది. పక్కింటామె పైపుల సంగతి ఎత్తితే అక్కే అందుకుంది.

"పైపులు మంచివే. మా ఆయనే లోతు తవ్వల్యా."

"కాదక్కా, పైపులే మంచివి కావు" అన్నాను.

"నువ్వు ఊరికుండు" అని కసిరింది.

లోపల అన్నం తింటున్న బావ ఇదంతా విన్నాడు. కంచం అట్లే వదిలి, తువ్వాలు భుజాన వేసుకొని, నా వైపు చూడకుండా బయటికి పోయాడు.