డాష్‌బోర్డు మీద గొడుగుగుడ్డ

మొన్న కారు సర్వీసింగు నుంచి వచ్చింది. తలుపు తీయగానే పాలిష్ వాసన గుప్పుమంది. మీగడరంగు డాష్‌బోర్డు తళతళలాడిపోతోంది. మధ్యాహ్నం ఎండలో రోడ్డెక్కేసరికి ఆ తళతళంతా ముందు అద్దం మీదికి ఎక్కి కూర్చుంది. అద్దం మీద పల్చగా మజ్జిగ పోసినట్టు, ఎదర ఏముందో తెలియడం లేదు. కారు పక్కకి ఆపి, సీటు కింద మడతపెట్టి ఉంచిన వెలిసిన నల్లగుడ్డ తీసి డాష్‌బోర్డు మీద పరిచాను. రోడ్డు మళ్ళీ కనిపించింది. ఆ గుడ్డ తీసినప్పుడల్లా సుభద్ర అత్తయ్యగారు కూడా కనిపిస్తారు.

కొత్తపేట దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఆవిడది మా పక్కిల్లు. కొబ్బరితోటలున్న కుటుంబం. భర్త పోయాక, డ్రైవరు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడటం నా వల్ల కాదంటూ, యాభై దాటిన వయసులో కారు నేర్చుకున్నారు. సొంత తోట కొబ్బరినూనె రాస్తే బాగుపడని వస్తువు లోకంలో లేదని ఆవిడ నమ్మకం. తలకీ, మోకాళ్ళకీ, తలుపు గొళ్ళేలకీ, కుట్టుమిషనుకీ అదే నూనె. నేను నవ్వితే, "నువ్వూ రాసుకోవే, బుర్ర మెరుస్తుంది" అనేవారు.

కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో నాకు కాస్త దూరంలోని ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. బడివేళకి అటు బస్సు లేదు. మా మావగారి కారు షెడ్డులో ఊరికే పడి ఉంది. నడపడం వస్తే ఉద్యోగం, రాకపోతే లేదు. "నేను నేర్పుతాను పదా" అన్నారు అత్తయ్యగారు. తన కొత్త కారులోనే, కాలవగట్టు మీద, పాఠాలు మొదలయ్యాయి.

ఒకరోజు నేను నడుపుతున్నానన్న సంబరంతో అత్తయ్యగారు తన కారు మీగడరంగు డాష్‌బోర్డుకి కొబ్బరినూనె రాసి, గుడ్డతో రుద్ది రుద్ది మెరిపించారు. మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. పక్క తోటలో కొబ్బరి దింపు జరుగుతుంటే ఆవిడ తల అటు తిప్పి కాయలు చూస్తున్నారు. చెట్లనీడ దాటి ఒక్కసారిగా ఎండలోకి వచ్చాం. నెత్తిన గడ్డిమోపుతో ఎదురొస్తున్న ఒకావిడ ఆఖరి క్షణంలో గానీ నాకు కనబడలేదు. బ్రేకు తొక్కి స్టీరింగు తిప్పేశాను. ముందు చక్రం గట్టు దిగి ఆగింది. దేవుడి దయవల్ల ఆవిడకేమీ కాలేదు. గడ్డిమోపు మాత్రం కాలవలో తేలుతూ వెళ్ళిపోయింది.

ఇంట్లో మా మావగారు మండిపడ్డారు. "అంత మోపు నెత్తిన పెట్టుకొస్తుంటే కనబడలేదా అమ్మా? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? ఇంక కారూ వద్దు, ఉద్యోగమూ వద్దు." నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది.

మర్నాడు అత్తయ్యగారు వచ్చారు. "అమ్మాయ్, నిన్న నీకేం కనబడింది?"

"ఏమీ కనబడలేదండీ."

"ఏమీ కనబడకపోవడానికి గుడ్డిదానివా? ఏదో ఒకటి కనబడే ఉంటుంది. అదేంటో చెప్పు."

ఆలోచించాను. "తెల్లగా... మీ డాష్‌బోర్డేనండీ, అద్దం నిండా."

ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అదే ఎండవేళ, అదే గట్టు మీద తనే నడిపారు. నీడ దాటగానే సడన్‌గా బ్రేకు వేశారు. "ఓరి భగవంతుడా, నా నూనే!" అన్నారు.

తిరిగొచ్చి తిన్నగా మా మావగారి ఎదుట నిలబడ్డారు. "మరిదిగారూ, పిల్ల కళ్ళు బానే ఉన్నాయండీ. నూనె రాసింది నేను. తిడితే నన్ను తిట్టండి."

"ఆయ్, సరేనండీ" అన్నారాయన. ఆవిడని తిట్టే ధైర్యం మా ఊళ్ళో ఎవరికుంది!

ఆ సాయంత్రమే కుంకుడుకాయ రసంతో డాష్‌బోర్డుకి తలంటు పోశారు. జిడ్డు వదిలింది గానీ మీగడరంగు వదలదు కదా. మర్నాడు ఎండలో చూస్తే తెల్లదనం పల్చగా ఇంకా అద్దం మీద తేలుతూనే ఉంది. అప్పుడు లోపలికి వెళ్ళి తన భర్త వాడిన పాత గొడుగు తెచ్చి, ఊచలు విప్పేసి, ఆ నల్లగుడ్డ పరిచారు.

"కొత్త కారులో నల్లగుడ్డేంటండీ వదినగారూ, అశుభం" అన్నారు మా మావగారు.

"మీ అన్నయ్యగారు ఉన్నన్నాళ్ళూ నాకు ఎండ తగలకుండా పట్టిన గుడ్డండీ ఇది. అశుభం ఎలా అవుతుందండీ?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మాత్రం తాళాలు నా చేతిలో పెట్టి, "పద, పాఠానికి ఆలస్యమవుతోంది" అన్నారు.

మా మావగారి కారు నడుపుకుంటూ వెళ్ళి ఉద్యోగంలో చేరాను. కొన్నేళ్ళకి సొంత కారు కొనుక్కుంటూ, ఆవిడ మీద ఇష్టంతో మీగడరంగు డాష్‌బోర్డుదే ఎంచుకున్నాను. "తెలిసి తెలిసి అదే గోతిలో పడ్డావా?" అని చీవాట్లు పెట్టి, ఆ గుడ్డ నాకిచ్చేశారు. కిందటి వేసవిలో ఆవిడ పోయారు.

ఈ మధ్య మా క్లాసులో ఓ పిల్ల బోర్డు మీది లెక్కలు రోజూ తప్పుగా ఎక్కించుకుంటోంది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నీకేం కనబడుతోందమ్మా?" అని అడిగాను.

"తెల్లగా కనబడుతోందండీ టీచర్‌గారూ" అంది భయంగా.

ఆ పిల్లని జరగమని, దాని చోట కూర్చున్నాను. కిటికీలోంచి పడుతున్న ఎండకి బోర్డు సగం తెల్లగా మెరుస్తోంది. అక్కడ అంకెలే లేవు. లేచి కిటికీ రెక్క మూశాను. పిల్ల ముఖం విప్పారింది.

సాయంత్రం కారు దిగీ దిగగానే ఈ సంగతి చెప్పాలని గబగబా పక్కింటికి నడిచాను. గేటుకి తాళం చూశాక గానీ ఆవిడ లేరని గుర్తు రాలేదు.