మొలతాడుకు కట్టిన మట్టెలు

సుల్తానాబాద్‌లోని మా సాలోళ్ల వాడకు, అంటే నేతగాళ్ల వాడకు, నేను కోడలిగా వచ్చిన కొత్తలో, పక్కింటి లచ్చయ్య బావి దగ్గర స్నానం చేస్తుంటే ఆడవాళ్లంతా మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆయన మొలతాడుకు ఒక జత వెండి మట్టెలు వేలాడేవి మరి. "ఫౌజీకి సర్కారు ఇచ్చిన మెడల్ గదేనే" అని మా తోటికోడలు నా చెవిలో చెప్పింది. నేనూ నవ్వాను. సంగతి తెలిశాక మాత్రం వాడ మొత్తం మీద ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ తగ్గలేదు.

నూలు దొరకని రోజుల్లో మగ్గం మూలనపడితే లచ్చయ్య నిజాం ఫౌజులో చేరాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. నలభై ఎనిమిదిలో యూనియన్ సైన్యం వచ్చినప్పుడు ఆయన పడమటి సరిహద్దులో ఉన్నాడు. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. దాన్ని యుద్ధమని కూడా ఎవరూ అనరు, పోలీసు చర్య అంటారు. లచ్చయ్య తొడలో దిగిన గుండుకు ఆ తేడా తెలియదు.

వెంట ఉన్న మనిషి ఒకడు ముందుగా తిరిగొచ్చి, "లచ్చయ్య పడంగ నా కండ్లతోని చూసిన" అన్నాడు. పడ్డది నిజమే, చచ్చింది నిజం కాదు. ఆరా తీసే ఓపిక ఎవరికుంది? దినాలు చేసేశారు. పదోరోజు ఆయన భార్య కమలవ్వను, నేను కమలక్క అని పిలిచే మనిషిని, పీట మీద కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు, మట్టెలు తీశారు, బొట్టు చెరిపారు. అన్నిటికీ ముందు నిలబడ్డది వాడ పెద్దమనిషి భూమవ్వ. కమలవ్వకు అప్పటికి పట్టుమని ఇరవై ఏళ్లు లేవు. పిల్లలు లేరు.

కాముని పున్నానికి, అంటే హోళీకి, ముందు ఒక మధ్యాహ్నం లచ్చయ్య కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. గాయం మానేదాకా దవాఖానలో, తర్వాత ఖైదీల క్యాంపులో ఉంచి వదిలారట. తల్లి దేవవ్వ "దయ్యమొచ్చిందిరో" అని అరిచి తలుపేసుకుంది. కమలవ్వ అరవలేదు. ఆయన పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసింది. ముందుకే ఉన్నాయి. అప్పుడు చెంబుతో నీళ్లిచ్చింది. అందుకుంటూ ఆయన ఆమె చేతులు చూశాడు.

"గాజులేవి?"

"నీతోనే పోయినయ్" అంది.

తెల్లారి కులపెద్ద లింగమూర్తి వచ్చాడు. "ఫికర్ ఎందుకు? మల్ల పుట్టినట్టు జేసి, పేరు పెట్టి, మంచి దినం చూసి పిల్లకు మట్టెలు తొడుగుదాం" అన్నాడు. అందరూ తలూపారు. కమలవ్వ గుంజకు ఆనుకుని "నాకొద్దు" అంది.

"ఏందే? మొగడు వచ్చిండని సంబురం లేదా?"

"సంబురమే. గని గివి తొడిగితే మల్లొకనాడు తీస్తరు. గా పీట మీద ఇంకొక్కపారి కూసునుడు నాతోని గాదు."

ఎంత మంది చెప్పినా వినలేదు. లచ్చయ్య బలవంతం చేయలేదు. తల్లి దాచిన మట్టెలు అడిగి తీసుకుని మొలతాడుకు కట్టుకున్నాడు. "ఎన్నడన్న అడుగు, ఇస్త" అన్నాడు.

ఆమె అడగలేదు. ఏళ్లు గడిచాయి. ఆమె కండెలకు నూలు చుట్టేది, ఆయన మంచి కాలి మీదే భారం వేసి మగ్గం తొక్కేవాడు. నొసలు బోసిగా ఉన్న ఆడమనిషి ఇంట్లో మగవాడు ఉన్నట్టా, లేనట్టా? మా వాడ లేనట్టే అనుకుంది. పెండ్లిళ్లకు పిలుపు రాదు. మంచి పనికి బయల్దేరినవాళ్లు ఆ గడప ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయేవారు. ఛీ, ఏం మనుషులమో! దేవవ్వ కూడా పోయాక ఆ ఇంట్లో మగ్గం చప్పుడే తప్ప మాట వినపడేది కాదు.

అరవై ఐదులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు బస్టాండు దగ్గర జవాన్ల కోసం సభ పెట్టారు. లచ్చయ్య పాత ఖాకీ కోటు వేసుకుని పోయాడు. "నువ్వు ఏ ఫౌజుల కొట్లాడినవ్?" అని ఎవడో అడిగాడట. చెప్పాడట. అంతా నవ్వారట. తిరిగొచ్చి మా గోడ దగ్గర నిలబడ్డాడు.

"జవాను అంటే గెలిచినోడట మరదలా. నేను ఓడిన దిక్కున్న. గుండు మాత్రం గట్టిగనే తాకింది."

"కోటు మంచిగుంది బావా" అన్నాను.

"కోటుతోని ఏమున్నది? ఇంట్ల గామె నొసట బొట్టు ఒక్కపారి చూస్తే, నేను బతికొచ్చిననని నమ్ముత" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్లకు, వానల్లో, దగ్గుతో మంచం పట్టాడు. నేను గంజి తీసుకుపోయేసరికి మట్టెలు విప్పి అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు.

"ఒక్కపారి తొడుక్కోరాదే కమలా. చూసి కండ్లు మూస్త."

"లేచి తిరుగు. గప్పుడు తొడుక్కుంట" అని ఆమె మొహం తిప్పుకుంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంత రాయి గుండెనా అనుకున్నాను. ఇంటికొచ్చాక గానీ నా బుర్రకు తట్టలేదు. ఇప్పుడు తొడుక్కుంటే, ఆయన పోతున్నాడని తనే ఒప్పుకున్నట్టు కదా.

మర్నాడు పొద్దున ఆయన పోయాడు. పిడికిలి విప్పి, మట్టెలు తీసి ఆమె చేతిలో పెట్టింది నేనే.

తొమ్మిదో రోజు కమలక్క మా ఇంటికొచ్చి "డజను పచ్చగాజులు ఇయ్యవే" అంది. దుఃఖంలో మతి చెదిరిందనుకుని ఇచ్చాను. పదోరోజు భూమవ్వ వంగిపోయిన నడుముతో వచ్చి పీట వేసింది. తీయడానికి ఏమీ లేకపోయినా తంతు జరగాల్సిందేనట. కమలక్క ఒళ్లంతా కొంగు కప్పుకుని వచ్చి కూర్చుంది.

"చేతులు తేవే" అని భూమవ్వ కొంగు లాగింది. రెండు చేతులకూ గాజులు. నొసట రూపాయంత బొట్టు. కాళ్లకు మట్టెలు.

"ఏందే గిది?"

"ఆయన బతికుండంగ తీసినవ్ గదా అత్తా, ఊకున్న. నేను తొడుక్కోని ఏండ్లన్నిటికి గలిపి ఇప్పుడు తొడుక్కుంట. ముట్టుకున్నవో, చెయ్యి ఇరుస్త."

భూమవ్వ చేయి వెనక్కి తీసుకుంది. ఒక్కొక్కరే లేచి గొణుక్కుంటూ బయటికి నడిచారు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

వాకిలి ఖాళీ అయ్యాక కమలక్క లేచి ఆయన మగ్గం గుంటలో దిగి కూర్చుంది. మగ్గం మీద ఆయన సగం నేసిన చీర అట్లాగే ఉంది. పేక నూలున్న నాడెను ఇటు నుంచి అటు విసిరింది. గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి చేయి ఆపి, నా వైపు చూసింది.

"ఒక్కపారి అడిగిండే" అంది. "తొడుక్కుంటే నాదేం పోతుండె?"