కిరసనాయిలు బుడగ

ఇంటర్‌లో మా కెమిస్ట్రీ లెక్చరరు ఒక బుడగలో నీళ్లు, మరో బుడగలో కిరసనాయిలు నింపి, రబ్బరులోంచి ఏది బయటికొస్తుందని అడిగారు. నేను నీళ్లన్నాను. నా పక్కన కూర్చునే స్నేహితురాలు కిరసనాయిలంది.

సాయంత్రానికి నీళ్ల బుడగ పొడిగానే ఉంది. రెండోది మెత్తబడి, పైనంతా జిడ్డు చెమర్చింది. నూనె రబ్బరులో కలిసిపోయి అవతలికి పోతుందని, నీళ్లు కలవలేవని ఆయన చెప్పారు.

"నీకెలా తెలిసిందమ్మా?"

"మా రొయ్యల చెరువు ఇంజిను రబ్బరు గొట్టం డీజిల్ తగిలినచోట ఉబ్బిపోద్దండి."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు కడుపు మండిపోయింది. అలాంటి ఇంజిను మా చెరువు మీదా ఉంది. ఇంటికెళ్లి దాని గొట్టం నొక్కితే మెత్తగా లోపలికి దిగింది.

మర్నాడు ఆమెతో, "మాదీ ఉబ్బిందే" అన్నాను.

"మీ నాన్నగారితో చెప్పి మార్పించవే, పగిలిపోద్ది" అంది.

అదీ ఆమే చెప్పాల్సి వచ్చింది.