లెక్కల సింహం, ఫ్రీ డెమో

ఆ రోజుల్ల నాకొక గట్టి నమ్మకం ఉండేది. సర్కారు బళ్లె పిల్లలకు లెక్కలు రాకపోతే, పాపం సార్లకు చెప్పరాకనే అని. ఎంత అమాయకురాలినో చూడుండ్రి! బీఎడ్ అయినంక బల్కంపేట దిక్కు ఒక హైస్కూల్ల విద్యా వాలంటీరుగ చేరిన. వాలంటీరంటే ఏం లేదు, పర్మనెంటోళ్లు చెయ్యని పనంత చేసుడు, పొమ్మన్ననాడు పోవుడు. (మా అమ్మ మాత్రం చర్చిల నిలబడి "నా బిడ్డకు గవర్నమెంటు జాబొచ్చింది" అని సాక్ష్యం చెప్పింది. స్తోత్రం!)

పదోతరగతి లెక్కలకు ఒక పర్మనెంటు సార్ ఉండె. పిల్లలు పెట్టిన పేరు కునుకు సార్. పొద్దుగాల సంతకం పెడ్తడు, క్లాసుకొచ్చి బోర్డు మీద పాఠం పేరు రాస్తడు, "చదువుకోండ్రి" అని కుర్చీల ఒరిగి కండ్లు మూస్తడు. త్రికోణమితి అన్న పేరు బోర్డెక్కి నెల దాటినా లోపల ఏముందో ఎవ్వరికీ తెల్వదు. పరీక్షలేమో ముంచుకొస్తున్నయి. నేను చెప్పబోతే నాకే సరిగ్గ రాదు (నాది బయాలజీ. వాలంటీరుకు సబ్జెక్టేందని ఎవరడుగుతరు?). "పిల్లలు ఫెయిలైతరు సార్" అని బతిమాలితే, ఒక కన్ను తెరిచి, "జర ఫికర్ తక్కువ చెయ్యమ్మా. ఆళ్లు ఫెయిలైతే నా జీతం ఆగుతదా?" అన్నడు. నాకు ఒళ్లు మండింది. ఏం లాభం, ఆగదు మరి.

ఆ సాయంత్రం నా టీచర్ పరీక్ష కోచింగ్ కోసం అమీర్‌పేట గల్లీలు తిరుగుతున్న. అక్కడి రివాజు తెలుసు కదా, ముందుగాల ఫ్రీ డెమో వినాలె, నచ్చకపోతే లేచి పక్క బిల్డింగ్‌ల కూసోవాలె. ఒక ఫ్లెక్సీ మీద మనిషి ఫోటో లేదు, నోరు తెరిచిన సింహం బొమ్మ, కింద "లెక్కల సింహం" అని పేరు. పోయి కూసున్న. తలుపు తోసుకొని వచ్చింది ఎవరనుకున్నరు? మా కునుకు సార్! జోకులు, కేకలు, చెమటకు చొక్కా తడిసి ముద్ద. "పిల్లగాడికి అర్థం కాలేదంటే తప్పు నీది!" అని బల్ల గుద్దితే హాలంత చప్పట్లు. అంత కోపంల సుత నాకు త్రికోణమితి అర్థమైపోయింది. అయిపోయినంక మెట్ల మీద ఆపి, "ఏంది సార్ ఇది?" అన్న. జర సుత జంకలే. "గీడ బోరు కొడితే లేచిపోతరమ్మా. మన బళ్లె పిల్లలు యాడికి పోతరు?"

యాడికా? చూపిస్త ఆగు, అనుకున్న. మర్నాడు బడి వదలంగనే పదోతరగతి మొత్తాన్ని యూనిఫాంల మీదనే, మెట్రో పిల్లర్ల కింద బస్సులకు చెయ్యి అడ్డం పెట్టి దాటించుకుంట తీస్కపోయిన. రిసెప్షన్ల పిల్ల బిత్తరపోయి, "వీళ్లు గూడ టీచర్ పరీక్ష రాస్తరా?" అంది. "డెమో అందరికీ ఫ్రీ అని మీరే రాసిన్రు కదమ్మా" అన్న.

సార్ వచ్చి, "మిత్రులారా" అని నోరు తెరిచి, ముందు బెంచీలు చూసి, ఆ నోరు అట్లనే ఉంచిండు. మావాళ్లు అలవాటుగ లేచి నిలబడి "గుడీవినింగ్ సాఆర్" అని రాగం తీసిన్రు. వెనక హాలు నిండ పెద్దోళ్లు చూస్తున్నరు, తప్పించుకునే దారి లేదు. చెప్పిండు. దేవుడా, ఏం చెప్పిండు! రాత్రయ్యేసరికి మా చివరి బెంచీ మొద్దులు సుత సైన్ తీటా, కాస్ తీటా గడగడ అప్పజెప్తున్నరు. అప్పుడొక పోరి చెయ్యెత్తి, "మీకు ఇంత మంచిగ వస్తదని మాకు తెల్వనే తెల్వదు సార్" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగనే మురిసిపోయి అంది. సార్ అటు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్ల తుడుచుకుంట నిలబడ్డడు.

కోచింగ్ ఓనరు సంబురం పట్టలేక ఫోటో తీసి, "నిజమైన పిల్లలతో లైవ్ డెమో" అని పంజాగుట్ట చౌరస్తా దాకా ఫ్లెక్సీలు కట్టించిండు. అందుల సార్‌ది వీపే పడ్డది. నా మొఖం మాత్రం పళ్లెమంత ఉంది. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మా హెడ్‌మేడం భీమవరం ఆవిడ, నన్ను పిలిచి, "ఏంటమ్మా, పిల్లల్ని ప్రైవేటోళ్ల ప్రచారానికి తీసుకెళ్లావా?" అంది. "పాఠం చెప్పింది మన సారే కదా మేడం?" అన్న. ఆవిడ తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి, "నాకు తెలీదా? ఆయన మీద చర్యంటే మెమో, సంజాయిషీ, ఎంక్వైరీ... ఆయన రిటైరైనా తేలదు. నిన్నైతే రేపట్నించి రావద్దంటే సరిపోతుంది" అంది. పాపం, కండ్లల్ల నీళ్లు పెట్టుకొనే అంది. అట్ల మా బళ్లె జవాబుదారీతనం ఒక్క పూటల అమలైపోయింది.

ఆ ఏడు పిల్లలందరు లెక్కలల్ల గట్టెక్కిన్రు. మంచి ఫలితాలు తెచ్చినందుకు సార్‌కు శాలువ కప్పిన్రట. నేను ఇంట్ల కూసొని ఆ సంగతి విని, ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వక రెండూ చేసిన.

ఇప్పుడు నేను సుత పర్మనెంటే. నన్ను ఎవ్వరూ కదిలించలేరు. క్లాసుల నిద్రపోను, ఒట్టు, మంచిగనే చెప్త. కాని అప్పుడప్పుడు ఆ వాలంటీరు పిల్ల గుర్తొస్తది, జడ ఊడిపోతున్నా చూస్కోకుండ క్లాసంతటినీ రోడ్డు దాటించిన పిల్ల. ఇయ్యాల ఆమె మా బడికొచ్చి "మేడం, పిల్లలను తీస్కపోతున్న" అంటే, హెడ్‌మేడం కన్నా ముందు నేనే అడుగుతనేమో, "పర్మిషన్ తీసుకున్నవా అమ్మా?" అని.