డేవిడ్ క్యాసెట్‌లో లచ్చవ్వ గొంతు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా కాలేజీ వెనక చింతచెట్టు మీద ఒకటుందని అందరూ భయపడుతుంటే, నేను దాని కిందే కూర్చుని పరీక్షకు చదివాను. దెయ్యమూ రాలేదు, మార్కులూ రాలేదు. కాబట్టి ఇది చదివి నన్ను పిరికివాణ్ణి అనుకోకండి. తెలివితక్కువవాణ్ణి అనుకుంటే అభ్యంతరం లేదు.

తొంభైల మొదట్లో ఒమన్‌లో, సమాయిల్ దగ్గర నీళ్ళ పైపులు వేసే ఒక కంపెనీలో సైట్ గుమస్తాగా ఉండేవాణ్ణి. ఇంగ్లీషు వచ్చునని చెప్పి చేరాను. అమెరికా నుంచి డేవిడ్ అనే ఇంజనీరు మూడు నెలల పని మీద వచ్చి నోరు విప్పేదాకా, నిజంగానే వచ్చుననుకున్నాను.

ఆయనకు అన్నీ వింతే. ఎండలో కారు తలుపు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. కనిపించిన ప్రతివాడూ పిల్లలెంతమందని అడుగుతుంటే మొదట కంగారుపడి, తర్వాత తనే ఎదురడగడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం మా షెడ్డులోనే మాతోపాటు అన్నం తినేవాడు. నీళ్ళ కోసం వచ్చిన ఇంజనీరు మా పచ్చిమిర్చి పచ్చడి తిని మొదట కనిపెట్టిన నీళ్ళు తన కళ్ళలోవే.

మా రూమ్‌లో రాయడం రానివాళ్ళు ఇంటికి క్యాసెట్లలో మాటలు నింపి పంపేవారు. ఇంటి నుంచి క్యాసెట్ వస్తే అందరూ కలిసి వినేవారు. డేవిడ్‌కి ఇది తెగ నచ్చింది. తనూ కొత్త క్యాసెట్లు కొని, రోజూ తిన్నదీ చూసిందీ భార్యకు చెబుతూ రికార్డు చేసేవాడు.

మా రూమ్‌లోనే ఉండే రాజన్నది జగిత్యాల వైపు. పేరులో రాజు, చేతిలో పలుగూ పారా. అతని భార్య లచ్చవ్వ గొంతు రూమ్‌లో అందరికీ తెలుసు, ఆమె క్యాసెట్లు అన్నిసార్లు విన్నాం. ఆ వేసవిలో రాజన్న తమ్ముడి నుంచి ఉత్తరం వచ్చింది. చదివి వినిపించింది నేనే. లచ్చవ్వకు బాగాలేదు, వెంటనే రమ్మని. వాళ్ళ ఊళ్ళో ఫోను లేదు.

మేనేజరు కుదరదన్నాడు. డేవిడ్ రెండు రోజులు పోట్లాడి, కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టూ సెలవూ ఇప్పించాడు. శనివారం విమానం. కానీ అగ్రిమెంటు ఇంకో రెండు నెలలుంది, మధ్యలో వెళ్తే మళ్ళీ పనిలోకి తీసుకునేది లేదని మేనేజరు ఖచ్చితంగా చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం అన్నాల దగ్గర డేవిడ్ మా కళ్ళముందే కొత్త క్యాసెట్ పైకాగితం చింపాడు. కాసేపు రికార్డు చేసి, సరిగ్గా వచ్చిందో లేదోనని వెనక్కి తిప్పి పెట్టాడు. కంచాల చప్పుడు. ఆయన దగ్గు. నా నవ్వు. తర్వాత ఒక ఆడగొంతు, బాగా దగ్గరగా, తాపీగా:

"ఇప్పుడేం రాకు. నాకు మంచిగనే ఉంది. నువ్వు ఇంత తిని పండుకో."

షెడ్డులో ఆరుగురం, అందరం మగవాళ్ళం. చుట్టుపక్కల ఆడమనిషి లేదు, రేడియో లేదు.

"గిది మా లచ్చవ్వనే గద సార్!" అన్నాడు రాజన్న. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

డేవిడ్ అర్థమడిగితే చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. అయినా, "అదేమిటో నాకు తెలియదు, అతన్ని మాత్రం వెళ్ళమను" అన్నాడు. ఆ మాట రాజన్నకు చెప్పాను. చెప్పి ఊరుకుంటే బాగుండేది.

"బాగానే ఉన్నానంటోంది కదా రాజన్నా. రెండు నెలలు ఆగితే మళ్ళీ రావడానికీ దారుంటుంది" అన్నాను.

"మీరు సదువుకున్నోళ్ళు సార్. మీరెట్లంటే గట్లనే."

సర్దిన సంచీని మంచం కిందికి తోసేశాడు.

మూడు వారాలకు తమ్ముడి ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివాను. లచ్చవ్వ పోయింది. ఆ గురువారం కాదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికే ఉంది. బస్సు చప్పుడైన ప్రతిసారీ "అచ్చిండా?" అని అడిగిందట.

ఆమె పాత క్యాసెట్లన్నీ తీసి విన్నాం. ఆ మాట ఎందులోనూ లేదు. డేవిడ్ అమెరికా వెళ్ళాక నాకో ఉత్తరం రాశాడు. ఆ క్యాసెట్ విన్న భార్య, భోజనం మధ్యలో మాట్లాడిన ఆ ఆడమనిషి ఎవరని నిలదీస్తోందట, ఏం చెప్పమంటావని అడిగాడు. నేను జవాబు రాయలేదు. అంత ఇంగ్లీషు నాకు రాదు. తెలుగులోనైనా రాదు.

తమ్ముడి ఉత్తరం చదివిన రోజు రాజన్న నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"సార్, మరి గా దినం రావద్దన్నదెవ్వలు?"

దెయ్యాలను నమ్మనని ఈ రోజుకీ అందరితో అంటాను. జీవితం మొత్తంలో నమ్మింది ఒక్కసారే. ఆ ఒక్కసారి నమ్మకుండా ఉండాల్సింది.